రాలే ముందు ఎరుపెక్కే ఆకు

(రేడియోలో ప్రసారమైన ఆదివారపు సందేశము. ధ్యాన భాగము: యెషయా గ్రంథము 64వ అధ్యాయము)

వలలు సర్దుకుంటూ, పొయ్యి దగ్గర నిలబడి, మంచం మీద పడుకొని ఈ మాటలు వింటున్న ప్రతి ఒక్కరికీ శుభోదయం.

మైపాడు తీరానికి దగ్గరలో ఉన్న మా మందిరం ఆవరణలో ఒక బాదం చెట్టు ఉన్నది. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా గొడుగువలె పరచుకొని ఉంటాయి. పిల్లలు దాని కాయలను రాతితో కొట్టి పప్పు తింటారు. చుట్టూ ఉన్న సరుగుడు, కొబ్బరి, తాటి చెట్లు ఏడాది పొడవునా ఒకే పచ్చదనంతో ఉంటాయి. ఈ బాదం చెట్టు మాత్రం ఆకు రాల్చే ముందు దానిని పండు మిరప రంగులోకి మారుస్తుంది. 1989 నుండి ఆ చెట్టు కింద బల్ల వేసుకొని సంఘపు లెక్కలు వ్రాశాను. ఎర్రని ఆకు పుస్తకం మీద పడితే విసుగ్గా పక్కకు నెట్టాను. ఒక్కనాడూ చేతిలోకి తీసుకొని చూడలేదు.

మా అమ్మాయి అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఉంటున్నది. "నాన్నా, అక్టోబరులో అమ్మను తీసుకొని రా, ఇక్కడ కొండలన్నీ రంగులు మారతాయి" అని ఏటా పిలిచేది. నా భార్యకు ఎంతో ఆశ. నేను ఏటా ఒక కారణం చెప్పాను. ఒక సంవత్సరం కోతకాలపు పండుగ, ఒక సంవత్సరం ఆడిట్, ఒక సంవత్సరం క్రిస్మస్ ఏర్పాట్లు. బీరువా తాళాలు వేరొకరి చేతికి ఇచ్చి నెల రోజులు దూరంగా ఉండడం నాకు ఇష్టం లేదు. అది అసలు కారణం. ఒకసారి ఆమె నవ్వుతూనే అన్నది: "లెక్కలు ఎక్కడికీ పోవండీ, పోయేది మనమే." 2016లో ఆమె ప్రభువు నొద్దకు వెళ్ళిపోయింది. ఆమె పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు.

2018 అక్టోబరులో నేను ఒక్కడినే వెళ్ళాను. బ్లూరిడ్జ్ పర్వతాల శిఖరాల వెంట షెనాండోవా జాతీయ వనంలో స్కైలైన్ డ్రైవ్ అనే దారి ఉన్నది. దాని పొడవు 105 మైళ్ళు, అంటే దాదాపు 169 కిలోమీటర్లు. ఆకులు రంగు మారే ఆ కొద్ది వారాల్లో చూడడానికి జనం బారులు తీరి వస్తారు. మనవాళ్ళు కూడా పులిహోర కట్టుకొని వస్తారు. దారి పక్కన బండి ఆపి క్రిందికి చూశాము. మేపుల్ చెట్లు ఎర్రగా, హికరీ చెట్లు పసుపుగా, ఓక్ చెట్లు ఇటుక రంగులో, లోయ అంతా నిండి ఉన్నది. నా పక్కన ఒక మనిషి నిలబడేంత స్థలం ఖాళీగా ఉన్నది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

హైస్కూలు చదువుతున్న నా మనుమడు ఒక ఆకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తాతయ్యా, ఇది ఎండిపోయి ఎర్రబడలేదు. ఇంకా బ్రతికే ఉంది" అన్నాడు. ఆశ్చర్యపోయాను. వాడు చెప్పినది మీకూ చెబుతాను, జాగ్రత్తగా ఆలకించండి.

పగటి పొద్దు తగ్గుతున్నదని చెట్టు గుర్తిస్తుంది. అప్పుడు ఆకు తనలోని పత్రహరితాన్ని విడగొట్టి, తనలో ఉన్న సారాన్ని తిరిగి కొమ్మకు పంపడం మొదలుపెడుతుంది. తనలో ఉన్న నత్రజనిలో దాదాపు సగం చెట్టుకు తిరిగి అప్పగిస్తుంది. పచ్చదనం తొలగేసరికి వేసవి అంతా లోపలే ఉండిన పసుపు రంగు బయటపడుతుంది. మేపుల్ వంటి చెట్లలో ఎరుపు రంగు మాత్రం ఆ చివరి రోజుల్లోనే, ఆకులో మిగిలిన చక్కెరతో, క్రొత్తగా తయారవుతుంది. ఆ తరువాత కాడ మొదట్లో సన్నని పొర ఏర్పడుతుంది. గాలి వీచినప్పుడు ఆకు అక్కడ విడిపోతుంది. చెట్టుకు గాయం మిగలదు. ఇంకొక మాట. ఆకు రాలకముందే దాని కాడ పక్కనే వచ్చే ఏటి మొగ్గ సిద్ధమై ఉంటుంది. వాడు దానిని గోటితో చూపించాడు.

డిసెంబరులో మరొకటి చూశాను. మా అమ్మాయి ఇంటి వెనుక ఒక లేత ఓక్ చెట్టు ఉన్నది. చుట్టూ చెట్లన్నీ ఆకు రాల్చినా, దాని ఆకులు గోధుమ రంగులో ఎండి కొమ్మలనే పట్టుకొని ఉన్నాయి. ఆ జాతిలో అలా జరగడం మామూలేనట. కాడ దగ్గర ఆ పొర పూర్తిగా ఏర్పడనందున అవి చలికాలమంతా వ్రేలాడుతూ ఉంటాయి. రాత్రి గాలికి గలగలమని శబ్దం చేసేవి. నిద్ర పట్టక వింటూ, ఇరవై తొమ్మిది సంవత్సరాలుగా తాళాలు పట్టుకొని ఉన్న నా చేతిని నేను జ్ఞాపకం చేసుకున్నాను.

ఎందుకంటే ప్రియులారా, బయలుదేరే ముందు మా సంఘంలో ఒక యౌవనస్థుడు, కామర్సు చదివినవాడు, "అయ్యగారూ, లెక్కలు నేను నేర్చుకుంటాను" అని అడిగాడు. "నేను చచ్చిన తరువాత చూసుకోరా" అన్నాను, పదిమంది ఎదుట. అతడు ఆ తరువాత మూడు నెలలు మందిరానికి రాలేదు. నేను సంఘాన్ని కాపాడుతున్నానని అనుకున్నాను. పక్కనే ఉన్న మొగ్గను నేను చూడలేదు.

తిరిగి వచ్చిన వారంలోనే అతని ఇంటికి వెళ్ళాను. తాళాలు బల్ల మీద పెట్టి, "నాది తప్పు, నన్ను క్షమించు" అన్నాను. అతడు చాలాసేపు తాళాలను ముట్టుకోలేదు. తరువాత "మీరు కూర్చోండి, కాఫీ తాగండి" అన్నాడు, అంతే. నెల రోజుల తరువాత పాత పుస్తకం పట్టుకొని నా దగ్గరకు వచ్చి, "ఈ పద్దు ఎందుకు ఇలా వ్రాశారు?" అని అడిగాడు. నాకు తెలిసినదంతా చెప్పాను. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాడు.

యెషయా ప్రవక్త మనుష్యులను వాడిపోయే ఆకుతో పోల్చాడు. అది పాపమును ఒప్పుకొనే విలాపము. దానిని తేలిక చేయడం నా ఉద్దేశము కాదు. అయితే వాడిపోవడం తప్పనప్పుడు మనము దేనిని అప్పగించి వాడిపోతున్నాము? తెలిసిన విద్య, దాచిన సొమ్ము, వంట చేతివాటం, వల అల్లిక, పొలం గట్టు సంగతులు, అడగవలసిన క్షమాపణ. వీటిని కొమ్మకు చేర్చకుండా ఎండిపోతే ఎవరికి మేలు?

మన వెలికొండల్లో ఆకు రాలేది అక్టోబరులో కాదు. మన తీరానికి అది వర్షకాలం, పులికాటుకు దూరదేశపు పక్షులు వచ్చే కాలం. మన అడవికి ఆకురాలు కాలం సంక్రాంతి దాటిన తరువాత, ఎండలు ముదిరే ముందు వస్తుంది. కొండలన్నీ ఎరుపెక్కే వైభవం మనకు లేకపోవచ్చు. అమెరికా వెళ్ళే అవకాశం అందరికీ ఉండదు, అవసరమూ లేదు. మీ వీధిలో ఒక బాదం చెట్టు ఉంటుంది. ఈ వారంలో ఒక ఎర్రని ఆకు తీసి చూడండి. మీ ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా ఒక చోటికి వెళ్దామని అడుగుతుంటే, వారిని వెంటబెట్టుకొని చూడండి. లెక్కలు ఎక్కడికీ పోవు.

ప్రార్థించుకుందాము. తండ్రీ, పట్టుకొని ఉన్న దానిని సమయం ఉండగానే అప్పగించే మనస్సు మాకు దయచేయుము. ఆలస్యము చేసిన మమ్మును క్షమించుము. ఆమేన్.