ఫిడేలు అమ్మిన ఇల్లు

ఈమధ్య నాకు నచ్చిన పుస్తకాలు, సినిమాలు, పాటల గురించి చెప్పమన్నారు. జాబితా చదివితే మీకూ విసుగు, నాకూ విసుగు. ఒక కథ, ఒక సినిమా, ఒక విద్వాంసుడు, అంతే. మూడింట్లోనూ సంగీతమే ఉంది, మొదటి రెండింట్లో కచేరీ హంగు కన్నా ఇంటి ఖర్చు లెక్కే ఎక్కువ.

కథ చాసో రాసిన ‘వాయులీనం’. చాసో అంటే విజయనగరం చాగంటి సోమయాజులు గారు, ఆయనకు మాట పొదుపు. ఒక్క కాఫీ చల్లారేలోగా చదివేయొచ్చు. కథలో ఇల్లాలు రాజ్యానికి ఫిడేలు వచ్చు. సంసారంలో పడ్డాక అది మూలపడింది. ఆమెకు జబ్బు చేస్తే, వైద్యం కోసం భర్త దాన్ని అమ్మేశాడు. అతను దుర్మార్గుడు కాడు. ఆ స్థితిలో మీరైనా నేనైనా అదే చేస్తాం. అయినా కథ అయ్యాక ఆ ఇంట్లో ఏదో పోయిందని తెలుస్తూనే ఉంటుంది. ముగింపు మాత్రం చెప్పను.

సినిమా దీనికి సరిగ్గా ఎదురు. 1958లో సత్యజిత్ రాయ్ తీసిన ‘జల్సాఘర్’. తారాశంకర్ బందోపాధ్యాయ కథ, విలాయత్ ఖాన్ సంగీతం. బెంగాలీ రాదని వెనకాడకండి, సగం సినిమా చెవితోనే చూడాలి. విశ్వంభర రాయ్ అనే జమీందారు భూములు నది కోసేస్తోంది. అయినా ఇంట్లో కచేరీ ఆపడు. ఒక రాత్రి గాయకుడు మియా మల్హార్ రాగం పాడుతుంటాడు. బయట తుఫాను. గదిలో దీపాల గుత్తి ఊగుతుంది, తాగే గ్లాసులో ఒక పురుగు కొట్టుకుంటుంది. జమీందారు భార్యా బిడ్డా పడవలో వస్తున్నారు. పెద్ద మాటలేవీ లేకుండానే మనకు గుండె జారిపోతుంది. చివరి కచేరీలో రోషన్ కుమారి కథక్ ఆడుతుంది. కొత్తగా డబ్బు చేసిన పొరుగువాడు ముందే బహుమానం ఇవ్వబోతే, జమీందారు చేతికర్ర వంపుతో అతని చెయ్యి పట్టి ఆపుతాడు. తొలి కానుక ఇంటి యజమానిదట! ఆ పొగరు చూస్తే నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది. జమీందారుగా ఛబి బిశ్వాస్ నటన అలాంటిది.

ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. చూపు మందగించినా, విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పి, 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. గాత్రం పక్కన వాయించే ఫిడేలును ఒంటరిగా కచేరీకి కూర్చోబెట్టిన వారిలో ఆయన ముఖ్యులు. ఆయన రికార్డింగులు వినడానికి రాగం పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మన విద్వాంసులు కింద కూర్చుని ఫిడేలు కొనను పాదం మీద ఆనిస్తారు. బరువు మోసే పని తప్పిన ఎడమ చెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది. మన గమకాలకు అది కావాలి. కాబట్టి మొదటిసారి స్వరాలు లెక్కపెట్టకండి, ఒక స్వరం నుంచి ఇంకోదానికి ఆయన వెళ్లే దారి వినండి. రెండోసారి కుడిచేతి కమాను పట్టించుకోండి. ఎక్కడ నొక్కారు, ఎక్కడ వదిలారు, ఎక్కడ ఊపిరి తీసుకున్నట్టు ఆగారు. గాత్రం వినిపిస్తోందా అని భ్రమ కలిగితే, మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది.

ఒక్క మాట. కథ ముందు చదివి, తర్వాతే సినిమా చూడండి. తిరగేస్తే జమీందారు మీద మోజు పెరిగి, పాపం రాజ్యం మొగుడి మీద లేనిపోని కోపం వస్తుంది.