సంతకమునకు ముందు



నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు ఘాటు రోడ్డుపై మోటారు బండి తగిలి ఒక గీత కార్మికుని కాలు విరిగినదనుకొందము. ఆసుపత్రి నుండి ఇల్లు చేరునప్పటికి చేతిలో పైకముండదు. ఆ సమయమున బీమా కంపెనీ ప్రతినిధి కొంత సొమ్ము చూపి సంతకము చేయుమనవచ్చును. అతడేమి చేయవలెను?

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఆ మొత్తమును అంగీకరించుటకును, నిరాకరించుటకును అతనికి స్వేచ్ఛ గలదు. అంగీకరించినచో ట్రిబ్యునలు దానిని రాజీగా నమోదు చేయును, వ్యవహారమంతటితో ముగియును. నిరాకరించినచో విచారణ జరుగును. కావున మిగిలిన వైకల్యమెంతో వైద్యుడు తేల్చువరకు సంతకమునకు తొందరపడరాదు.

అట్లని అర్జీ విషయమున జాప్యము తగదు. 2022 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన సవరణ దానికి ఆరు మాసముల గడువు విధించినది. తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ వేయవచ్చును. ప్రథమ సమాచార నివేదిక నకలు, గాయముల ధ్రువపత్రము, మందుల రసీదులు, పని పోయిన దినముల లెక్క భద్రపరచుకొనవలెను.

వైకల్యపు శాతము వేరు, సంపాదన నష్టము వేరని సుప్రీము కోర్టు 2010లో స్పష్టపరచినది. మడమ వంగని గుమాస్తా కుర్చీలో కూర్చుండి పని చేసికొనగలడు. తాటిచెట్టు ఎక్కువానికి ఆ మడమయే జీవనాధారము. ఈ భేదమును ట్రిబ్యునలు ఎదుట సాక్ష్యముతో నిరూపించవలెను.

న్యాయవాదిని పెట్టుకొను స్తోమత లేదని వెనుదీయనక్కరలేదు. స్త్రీలకు, గిరిజనులకు, వికలాంగులకు 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచిత సహాయము గలదు. ముందు వారిని అడిగి, పిదప సంతకము చేయుట మేలు.