సైన్సు ఎవరి ప్రశ్న అడుగుతుంది?

(అనంతపురంలో మహిళా ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య పరిశోధనలో స్త్రీలు అనగానే ప్రయోగశాలల్లో మనవాళ్ళు ఎంతమంది అని లెక్కపెడతాం. ఆ లెక్క అవసరమే. కానీ సామాజిక శాస్త్రం చదివినదాన్ని గనుక నన్ను వేధించేది మరో ప్రశ్న. అక్కడికి చేరిన స్త్రీ ఏం అడగగలుగుతోంది?

1979లో దారిద్ర్యరేఖకు కొలతగా పెట్టింది, పల్లెల్లో మనిషికి రోజుకు 2400 కేలరీలు. కేలరీలు చౌకగా దొరికేది తిండిగింజల్లో. పేదల తిండి అంటే గింజలేనన్న ఆలోచన అలా స్థిరపడింది. పాలు, గుడ్లు, మాంసం పక్కకుపోయాయి. ఈ ఆలోచననే ప్రశ్నించారు, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేసిన డాక్టర్ వీణా శత్రుగ్న. స్త్రీశక్తి సంఘటనలో కూడా ఆమె పనిచేశారు. 30-60 ఏళ్ళ పేద స్త్రీలు 289 మంది ఎముకలను పరీక్షించి ఆమె బృందం 2005లో ఫలితాలు ప్రచురించింది. నూటికి సుమారు 29 మందికి తుంటి దగ్గర ఎముక గుల్లబారింది. వారి తిండిలో కాల్షియం రోజుకు 270 మిల్లీగ్రాములే. ముసలితనపు జబ్బనుకున్నది పేదరికపు జబ్బుగా కూడా బయటపడింది.

ఇది అనంతపురం కథ కూడా. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, తెల్లబియ్యంలో ఉండేది పది దాకానే. ఇక్కడ కొర్ర, రాగి చేలలోకి చెనిక్కాయ వచ్చింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువులో ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను. అయితే సంగటి తగ్గిన ఇంట్లో ఆడమనిషి ఎముకకు ఏం మిగిలింది? చెట్లు పీకి, కాయలు వలిచి, నీళ్ళు మోసి, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషి నడుం నొప్పంటే, "వయసు కదమ్మా" అని పంపేశారన్న మాట ఈ పల్లెల్లో ఎన్నోసార్లు విన్నాను.

లోపల ఒక స్త్రీ ఉంటే చాలదు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించడానికి, అది ప్రయోగమని సరిగా చెప్పకుండానే పేద స్త్రీలను చేర్చుకోబోయారు. దాన్ని ఎదిరించి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది మహిళా సంఘాలే. ఆ ప్రయోగాలు జరిపిన భారత వైద్య పరిశోధనా మండలి కిందే పోషకాహార సంస్థ కూడా ఉంది. లోపలి శాస్త్రవేత్తకు బయటి ఉద్యమం ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తుంది.

అందుకే మన ఊరికి రక్తం తీయడానికో, బరువు తూచడానికో ఎవరొచ్చినా అడుగుదాం. ఇది ఎందుకు? మాకేమైనా నష్టముందా? ఫలితం మాకు తెలుగులో ఎప్పుడు చెబుతారు? ఇష్టం లేకపోతే వద్దందాం. అది మన హక్కు.