రెండున్నర తలల బొమ్మ



ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. మనిషి బొమ్మ ఎత్తు ఏడున్నర తలలుండాలని ఈ బడిలోనే నేర్చుకున్నాను. అదే నేర్పాను. ఒకసారి ఏడో తరగతి పాప పెద్ద తల, పొట్టి కాళ్లతో బొమ్మ వేస్తే ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆ పాప స్కేలు పెట్టి చూపించింది: "రెండున్నర తలలు కొలిచే వేసినాను సార్." ఈ తీరును జపానువాళ్లు చిబి అంటారు. నాకు అప్పటికి ఆ మాటే తెలియదు.

తర్వాత నేనే కూర్చుని నేర్చుకున్నాను. ముందు గుండ్రంగా తల గీయాలి. మిగిలిన ఒకటిన్నర తలలోనే ఒళ్లూ కాళ్లూ సర్దాలి. కళ్లు పెద్దవిగా, తల మధ్యగీతకు కిందికి దించాలి. అప్పుడే నుదురు విశాలమవుతుంది. ముక్కు చుక్కంత చాలు. మెడ దాదాపు ఉండదు. అరచేతులు పెద్దవాళ్లవి పెట్టామా, ముద్దంతా పోతుంది. పాదాలు సరిగ్గా తల బరువు కిందికి రావాలి, లేకుంటే బొమ్మ బోర్లాపడేటట్టు ఉంటుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ పొడవు నాలుగు తలలే కదా! బాపుగారి బుడుగు, 2008లో హైదరాబాదు నుంచి వచ్చిన ఛోటా భీమ్, ఇద్దరిదీ పెద్ద తలే. బుడుగును చూసి మురిసిపోయినవాణ్ణే ఆ పాపది తప్పన్నాను.

మన గండిలో రాముడు బాణం మొనతో ఆంజనేయుని గీస్తూ చిటికెన వేలు వదిలేశాడంటారు. ఆ బొమ్మకు మనం మొక్కుతున్నాం, మార్కులు తగ్గించలేదు.

నేను మార్కులు దిద్దేసరికి ఆ పాప టీసీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది.