జబ్బు పడని పసికందులు



ఎవరి స్మృతికై నేడు మనమిచట సమావేశమైతిమో, 2020 జనవరి 26న దివంగతులైన ఆ మహరాజ్ కిషన్ భాన్ గారు వృత్తిచేత శిశువైద్యులు, కొంతకాలము కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక శాఖకు కార్యదర్శులు. అయినను ఆయన కీర్తికి మూలమైన విషయము ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందలి పురిటిబిడ్డల గుడ్డలలో నుండెను. ఈ మాట సభామర్యాదకు కొంచెము మోటుగా తోచవచ్చును. నా ఉపన్యాసమంతయు ఆ గుడ్డల చరిత్రయే గనుక మన్నింపుడు.

నీళ్ళ విరేచనములు పట్టిన బిడ్డ ఎట్లుండునో ఇచటి తల్లులకు నేను వర్ణింపనక్కరలేదు: ఉదయమున ఆడుకొనిన బిడ్డకు సాయంకాలమునకే కన్నులు గుంటలు పడును, మాడు లోనికి క్రుంగును, పొట్టమీది చర్మమును వ్రేళ్ళతో పట్టి విడిచినచో సర్దుకొనక మడతగనే నిలుచును, ఎంత యేడ్చినను కంట నీరు రాదు. పండ్లు వచ్చుటవలన ననియు, దిష్టివలన ననియు, పాలు పడకపోవుటవలన ననియు మనవారు చెప్పుకొనిరి. ఏ బాక్టీరియాయు కనబడని అట్టి రోగుల విషయమున వైద్యులును చాలకాలము అంతకంటె ఎక్కువ చెప్పజాలకుండిరి.

1973లో ఆస్ట్రేలియా దేశమందలి మెల్‌బోర్న్ నగరమున రూత్ బిషప్ అను విదుషీమణి, సహచరులతో గూడి, తీవ్రమైన విరేచనములతో నున్న తొమ్మండుగురు పిల్లల చిన్నప్రేగు తొలిభాగమునుండి రవ్వంత కండ తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆరుగురి కణములలో ఒక వైరసును చూచెను. బండిచక్రమువలె ఆకులును పట్టాయు గలిగి కనబడుటచేత, లాటిన్ భాషలో చక్రమునకుగల పేరిట అది రోటావైరస్ అయ్యెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి 2008వ సంవత్సర మొక్కదానిలోనే ఐదేండ్లలోపు పిల్లలు సుమారు 4,50,000 మంది దీనివలన మరణించిరి. అందు ఇంచుమించు లక్షమంది మన దేశపు బిడ్డలు.

వైరసు దొరికినంతనే మందు దొరకలేదు. అందరును సహజముగా జబ్బుపడిన బిడ్డలవైపే చూచుచుండగా, పురిటిగదులను గమనించినవారికి ఒక వింత కనబడెను: పుట్టి పట్టుమని పదిదినములైన గడవని శిశువులు కొందరు ఈ వైరసును విసర్జించుచునే, ఒక్క నీళ్ళ విరేచనమైన లేక, హాయిగా పాలు త్రాగి నిద్రించుచుండిరి. బిషప్ బృందము అట్టి శిశువులను మూడేండ్లు కనిపెట్టి చూచి 1983లో ఫలితమును ప్రకటించెను: వైరసు వారికి మరల సోకెను గాని జబ్బు ముదరలేదు.

1985-86 ప్రాంతమున ఢిల్లీలోని ఆ సంస్థయందును ఇదే చిత్రము భాన్ గారి కంట బడెను. రోగిని చూచుట వైద్యుని అలవాటు. ఆరోగ్యముగా నున్న బిడ్డ మలమును భద్రపరచి, ఆ బిడ్డ ఆసుపత్రి విడిచిన పిమ్మట గూడ యోగక్షేమములు విచారించుచు సంవత్సరములు గడుపుటకు వేరొక ఓర్పు కావలెను. 1993లో వెలువడిన వారి ఫలితములు మెల్‌బోర్న్ మాటనే బలపరచెను. ఆ శిశువులనుండి వేరుపరచిన వైరసు తెగకు 116ఇ అని పేరు. రోటావైరసు జన్యుసామగ్రి పదునొకండు తునకలుగా నుండును. 116ఇలో పది మానవ వైరసువి, ఒకటి పశువులకు సోకు వైరసుది. ప్రయోగశాలలో శ్రమపడి చేయవలసిన ఈ సంకరమును ప్రకృతి తానే చేసి పురిటిగదిలో ఉంచినదన్నమాట!

ఇక రక్షణ మాట. ఈ వైరసుతో పోరు ప్రధానముగా ప్రేగుల లోపలిపొరయందే జరుగును. అచట ఊరు ఐజీఏ అను ప్రతిరక్షకములు దానిని కణములలోనికి పోనీయక అడ్డగించును. సౌమ్యమైన వైరసును ఒకసారి ఎదుర్కొన్న శరీరము దానిని గుర్తుంచుకొని, క్రూరమైనది వచ్చినప్పుడు త్వరగా మేల్కొనును. అట్టి సౌమ్యమైన వైరసునే నోట వేయు టీకాకు ఇదియే ఆధారము. అయితే తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు బిడ్డను కాపాడుచునే టీకా వైరసును గూడ మట్టుపెట్టగలవు. సంపన్న దేశములలో బాగుగా పనిచేసిన నోటిటీకా ఆఫ్రికాలోని మలావీలో సగముమందినే కాపాడుటకు ఇట్టివి కొన్ని కారణములుగా చెప్పబడుచున్నవి.

ఈలోగా అమెరికాలో 1998లో అనుమతి పొందిన మొదటి రోటావైరస్ టీకా, ప్రేగు ప్రేగులోనికి చొచ్చుకొనిపోవు అరుదైన ఉపద్రవము కొందరు బిడ్డలలో కనబడుటచే, 1999లోనే విరమింపబడెను. అమెరికాకు అది న్యాయమే. బిడ్డలు వేలకొలది చచ్చుచున్న దేశములకు అదే కొలబద్ద చెల్లునా యని ఆనాడు అడిగినవారు కొలదిమంది; వారి ప్రశ్న సమంజసమని నా అభిప్రాయము.

116ఇ తుదకు మన హైదరాబాదునకు వచ్చెను. భారత్ బయోటెక్ సంస్థ దానిని టీకాగా మలచి, మోతాదు ఒక డాలరునకే ఇత్తుమని మాట యిచ్చెను. ఢిల్లీ, పుణె, వెల్లూరు కేంద్రములలో 6,799 మంది శిశువులతో జరిగిన పరీక్షలో, తీవ్రమైన రోటావైరస్ విరేచనములనుండి మొదటి యేడాది రక్షణ సుమారు 56 శాతముగా తేలెను. ఆ అంకె చూచి పెదవి విరిచినవారు గలరు. లక్ష మరణములలో సగము తగ్గుటకు పెదవి విరుచువారితో నాకు వాదము లేదు; వారు ఒక్కసారి ఎండకాలమున పిల్లల వార్డునకు వచ్చి చూడవలెను.

2016లో సార్వత్రిక టీకా కార్యక్రమమున ఈ టీకాను మొదట చేర్చిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరవ వారమున, పదవ వారమున, పదునాలుగవ వారమున తల్లి ఒడిలోని బిడ్డ నోట ఏఎన్ఎమ్ అను ఆరోగ్య కార్యకర్త వేయునవి ఐదేసి చుక్కలు. ఆ చుక్కలలోని వైరసు ఒకనాడు ఢిల్లీలో ఒక పురిటిబిడ్డ ప్రేగులలో పెరిగినది. ఆ బిడ్డకు నేటికి నలుబది యేండ్లకు అటునిటుగా ఉండును.