రక్తనాళములను కాపాడు వాయువు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



రక్తపు పోటు, గుండెజబ్బు పట్టణవాసులకే వచ్చునని మనలో పెక్కుమంది తలంచెడివారు. నేడు పల్లెలయందును ఇవి కానవచ్చుచున్నవి. వీనినుండి రక్షించుకొనుటకు మన దేహమే ఒక వాయువును తయారుచేసికొనుచున్నది. దాని పేరు నైట్రిక్ ఆక్సైడ్. నత్రజని, ఆమ్లజని పరమాణువులు ఒక్కొక్కటి కలిసిన ఏర్పడునది.

రక్తనాళముల లోపలి పొరయందు ఈ వాయువు పుట్టును. అది ప్రక్కనున్న కండరమును సడలించును, నాళము వెడల్పగును, రక్తము సులువుగా పారును. తూము తలుపు ఎత్తిననే కదా కాలువకు నీరు! దేహమున ఆ తలుపు ఎత్తు లస్కరు ఈ వాయువే. అయితే ఇది పుట్టిన కొద్ది క్షణములకే నశించును. కావున ఎడతెగక పుట్టుచుండవలెను.

దీని చరిత్ర విచిత్రమైనది. పేలుడు పదార్థమైన నైట్రోగ్లిజరిన్‌ను 1879 నాటికే వైద్యులు గుండెనొప్పికి వాడిరి. డైనమైటును కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు 1896లో ఆ మందునే సూచించిరి. అది దేహమందు నైట్రిక్ ఆక్సైడును విడుదల చేయుటవలన పనిచేయుచున్నదని 1977లో ఫెరిడ్ మురాద్ తెలిపెను. రక్తనాళములే ఆ వాయువును పుట్టించుచున్నవని 1986లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో వెల్లడించిరి. ఈ మువ్వురకును 1998లో నోబెల్ బహుమానమే లభించినది.

చుట్ట, బీడీ, సిగరెట్టుల పొగ నాళముల లోపలి పొరను చెరచును. ప్రక్కనుండి ఆ పొగ పీల్చువారికిని హాని తప్పదు. నడక, కాయకష్టము ఆ పొరకు బలము నిచ్చును. తోటకూర, పాలకూర, బీటుదుంపలలోని నైట్రేటులను నోటియందలి సూక్ష్మజీవులు మార్చగా, వానినుండియు దేహము ఈ వాయువును పొందును.

ఇందు పంచాయతీ చేయదగినదేమి? విద్యాలయములకు 100 గజముల లోపల పొగాకు వస్తువుల విక్రయమును 2003 నాటి చట్టము నిషేధించినది. దానిని మీ గ్రామమున అమలుపరచుడు. పంచాయతీ కార్యాలయమున ఎవ్వరును పొగ త్రాగకుండ మీరే మార్గము చూపుడు. బడి ఆవరణలో ఆకుకూరల మడులు వేయించుడు. 30 సంవత్సరములు నిండిన ప్రతివారును ఆరోగ్య ఉపకేంద్రమున రక్తపు పోటు చూపించుకొనునట్లు చేయుడు. ఆకుకూరలు తినుచున్నామని మందులు మానరాదని చెప్పుడు. ఎదలో నొప్పి వచ్చినవారిని వాయునొప్పి యని ఇంట నుంచక, తక్షణమే ఆసుపత్రికి చేర్చుడు.

కాలువ పూడిన పిమ్మట త్రవ్వుటకంటె పూడకుండ చూచుకొనుట మేలని మీకు నేను చెప్పనక్కరలేదు. దేహమునకును అదియే నీతి.