కరివేపాకు మొక్క మొదటి చలికాలం దాటాలంటే

గూడూరు నుంచి మాట్లాడుతున్నాను. నెల్లూరు వైపు గూడూరు కాదండోయ్, బందరు పక్కన గూడూరు. ఈరోజు ఎపిసోడ్ చికాగో, టొరంటో, బెర్లిన్ లాంటి చలి ఊళ్లలో ఉంటూ, కిటికీ దగ్గర ఒక కుండీ పెట్టుకుని "ఈసారైనా బతుకుతుందా?" అని చూస్తున్న మన పిల్లల కోసం. వాళ్లకి సూట్‌కేసులు సర్దే అమ్మానాన్నలు కూడా వినాలి. ఎందుకో మధ్యలో చెప్తాను.

విషయం కరివేపాకు. ఇక్కడ కూరగాయలు కొంటే రెండు రెబ్బలు కొసరుగా వేస్తారు. అక్కడ అదే చిన్న ప్యాకెట్‌కి డబ్బులు పెట్టి కొనాలి. అందుకే చాలామంది మొక్క పెంచుదామనుకుంటారు. మొక్క కొంటారు, ఎండాకాలం అంతా బాగుంటుంది, మొదటి చలికాలంలో పోతుంది.

మా అక్క చికాగోలో ఉంటుంది. వెళ్లిన ఏడాదే మొక్క తెచ్చుకుంది. జనవరిలో ఆకులన్నీ రాలిపోయాయి. ఎండిపోతోందేమో అని రోజూ నీళ్లు పోసింది. మార్చికల్లా కాండం నల్లబడి మెత్తబడింది. వీడియో కాల్‌లో కుండీ బోర్లించి చూపించింది. వేళ్లన్నీ కుళ్లిపోయి ఉన్నాయి. ఇంట్లో హీటర్ ఉంది, చలి మొక్కని చంపలేదు. నీళ్లు చంపాయి. మీరు ఈ వీడియోలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే.

మనం డెల్టా వాళ్లం కదా. కాలువలో నీళ్లుంటే ధైర్యం, మొక్క వాడితే చెయ్యి చెంబు మీదకే పోతుంది. కానీ కరివేపాకు వరి కాదు. నీళ్లు నిలిస్తే దాని వేళ్లకి గాలి ఆడదు. ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల కంటే దిగితే అది ఎదుగుదల ఆపేస్తుంది, వెలుతురు కూడా తగ్గితే ఆకులు రాలుస్తుంది. అంటే నిద్రపోతోందన్నమాట. ఆకులు లేని మొక్క నీళ్లు తాగదు. మీరు పోసిన నీళ్లు మట్టిలోనే ఉండిపోతాయి. ఆ చల్లటి తడిలో వేరు కుళ్లు మొదలవుతుంది.

అయితే గింజ నుంచి మొక్క పెంచడం ఎలా? కరివేపాకు నిమ్మ, బత్తాయి కుటుంబం. 1771లో లిన్నేయస్ దీనికి బెర్గెరా కోనిగీ అని పేరు పెట్టాడు. తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి మన మొక్కల్ని పరిశీలించిన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు అది. ఆయన 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే చనిపోయాడు. సరే, మళ్లీ గింజ దగ్గరికి వద్దాం. మన దగ్గర చెట్టుకి వానాకాలం మొదట్లో పళ్లు నల్లగా పండుతాయి. ఈ గింజ కందిగింజలాగా డబ్బాలో దాచుకునేది కాదు. ఎండితే కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. అందుకే ఆన్‌లైన్‌లో కొన్న ఎండు గింజలు చాలాసార్లు మొలవవు. తప్పు మీది కాదు.

తాజా పండు దొరికితే గుజ్జు పిండేసి, గింజ కడిగి, అదే రోజు నాటండి. ఒక సెంటీమీటరు లోతు చాలు. సగం కోకోపీట్, సగం పెర్లైట్ కలిపిన తేలిక మట్టి వాడండి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. 20 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం ఉంటే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలక వస్తుంది. గది చల్లగా ఉంటే కుండీ కింద హీట్ మ్యాట్ పెట్టండి. మొదటి ఏడాది ఎదుగుదల బాగా తక్కువ. కోసుకునేంత ఆకు రావాలంటే ఏడాదిన్నర, రెండేళ్లు ఆగాలి. అంత ఓపిక లేదంటే, మీ ఊళ్లోనే పెద్ద మొక్క ఉన్న తెలుగువాళ్లనో తమిళులనో అడగండి. మొదట్లో పిలకలు వస్తాయి. సొంత వేరు ఉన్న పిలకని వేరు చేసి ఇస్తే అది గింజ మొక్క కంటే ముందుంటుంది.

ఇప్పుడు అమ్మానాన్నలకి. దయచేసి మొక్క, కొమ్మ, పచ్చి ఆకు సూట్‌కేసులో పెట్టకండి. నాటడానికి పంపే గింజలకైనా అనుమతి కాగితాలు ఉండాలి. ఇది ఉత్త రూల్ గొడవ అనుకోకండి. నిమ్మజాతి చెట్లకి సోకే గ్రీనింగ్ అనే తెగులుని సిల్లిడ్ అనే చిన్న పురుగు మోస్తుంది. ఆ పురుగుకి కరివేపాకు అంటే చాలా ఇష్టం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఆ పురుగు 1998లో కనిపించింది, తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన అక్కడి నారింజ పంట 2023-24కి 2 కోట్ల పెట్టెల లోపుకి పడిపోయింది. తుఫాన్లు కూడా దెబ్బ తీశాయి గానీ, అసలు దెబ్బ ఈ తెగులుదే. ఒక్క తెగులుకి పంట పోతే రైతు ఇంట్లో ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడా రైతులే కదా. కొనాలనుకుంటే మీ రాష్ట్రానికి పంపడానికి అనుమతి ఉన్న నర్సరీలోనే కొనండి.

ఒక తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. "అన్నా, ఇక్కడ యుక్కా అని మన కిత్తలిలాంటి మొక్క మంచులో కూడా నిలబడుతోంది. దాంట్లో హైబ్రిడ్లు కూడా ఉన్నాయి. కరివేపాకులో అలాంటివి చేయలేరా?" అని. చూడండి, యుక్కాలో గ్లాకా అనే జాతి సహజంగానే కెనడాలోని అల్బెర్టా దాకా పెరుగుతుంది. అంటే చలిని ఓర్చే గుణం ఆ కుటుంబంలో ముందే ఉంది. యుక్కా పువ్వుని ఒక ప్రత్యేకమైన రెక్కల పురుగు పరాగ సంపర్కం చేస్తుంది. యూరప్‌లో ఆ పురుగు లేదు. అందుకని తోటమాలులు పుప్పొడిని చేత్తో అద్ది రకాలు కలిపారు. నారింజలో కూడా ఈ పని జరిగింది. 1894-95 చలికి ఫ్లోరిడా తోటలు దెబ్బతిన్నాక, 1897లో వాల్టర్ స్వింగిల్ మూడాకుల నారింజతో తియ్య నారింజని కలిపాడు. అలా సిట్రేంజ్ వచ్చింది. చలిని ఓర్చింది గానీ పండు పుల్లగా, చేదుగా తేలింది. హైబ్రిడ్ అంటే ఒకటి ఇచ్చి ఒకటి తీసుకునే బేరం.

కరివేపాకులో ధార్వాడ్ వాళ్లు రెండు రకాలు ఇచ్చారు, డీడబ్ల్యూడీ 1, డీడబ్ల్యూడీ 2. మొదటిది చలికాలంలో సరిగ్గా చిగురించదు, రెండోది చిగురిస్తుంది. కానీ అది ధార్వాడ్ చలి, చికాగో చలి కాదు. కాబట్టి ఎవరైనా "మంచు తట్టుకునే హైబ్రిడ్ కరివేపాకు" అని ఎక్కువ రేటు చెప్తే, ఆ పేరు చూసి డబ్బు పెట్టకండి.

మరి చలికాలం ఏం చేయాలి? రాత్రి 10, 12 డిగ్రీలకి దిగకముందే కుండీ లోపలికి తెచ్చేయండి. తెచ్చే ముందు ఆకుల అడుగున కూడా నీళ్లతో కడగండి, పురుగు ఉంటే పోతుంది. దక్షిణం వైపు కిటికీ మంచిది. వెలుతురు చాలకపోతే ఎల్‌ఈడీ గ్రో లైట్ రోజుకి 12 గంటలు వేయండి. హీటర్ వేడిగాలి నేరుగా తగలనివ్వకండి, ఆ పొడిగాలికి నల్లి పడుతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్లు. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. ఎరువు ఆపేయండి. పుల్ల మజ్జిగ పోయమని అమ్మ చెప్తుంది, మన పెరట్లో సరే. అక్కడ ఇంట్లో చలికాలం మాత్రం వద్దు, వాసన, దోమలు.

ఆకులన్నీ రాలినా మొక్క పోయిందని పారేయకండి. గోటితో కాండం మీద కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. వసంతంలో రాత్రులు వెచ్చబడ్డాక బయట పెట్టండి. మొదటి వారం నీడలో, తర్వాత ఎండలో. చిగురు వచ్చాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

మా అక్క రెండోసారి ఇలాగే చేసింది. ఫిబ్రవరిలో ఉత్త పుల్లే మిగిలింది. "ఇది పోయిందిరా" అంది. గీకి చూడమన్నాను. పచ్చగా ఉంది. మేలో చిగురు ఫోటో పంపింది, నాలుగు ఆకులు. ఆ రోజు ఒక్క రెబ్బ కూడా తుంచలేదంట, కూరలోకి కొన్నదే వేసిందంట.

మీ మొక్క ఇప్పుడు ఎలా ఉందో, ఏ ఊళ్లో ఉందో కామెంట్‌లో రాయండి. ఆకులు రాలిపోయి ఉంటే నీళ్ల చెంబు పక్కన పెట్టి ముందు గీకి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.